చెవులు కుట్టినప్పటి ఫోటో

వికారాబాద్ బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు పైన ఒక చిన్న గది. పరదేశం పంపిస్తామని బయట బోర్డు. లోపల కూర్చున్న కన్సల్టెన్సీ ఆయన మా ఫైలు తిరగేస్తూ తిరగేస్తూ ఒక చోట ఆగాడు. అందులోంచి పాత ఫోటో ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఫోటోలో తొమ్మిదేళ్ల పిల్లవాడు చాప మీద కూర్చుని ఉన్నాడు. వాడి ఒళ్లో ఏడాది నిండని పసిపిల్ల నోరంతా తెరిచి ఏడుస్తోంది. పక్కన చెవులు కుట్టే ఔసలాయన చేయి, ఆ చేతిలో బంగారు తీగ.

"గిదేంది మేడం?" అన్నాడాయన.

ఆ ఫోటో ఫైలులో ఉందని నాకు అంతవరకు తెలియదు. నా పక్కన కూర్చున్న మా ఆయన మాత్రం సంబరంగా ముందుకు వంగాడు.

"గా చిన్నపిల్ల ఈమెనే సార్. చెవులు కుట్టిచ్చిననాటిది. నా ఒళ్లెనే కుట్టిన్రు. మీరే అంటిరి గద, ఎంత పాత ఫోటో ఉంటె అంత మంచిదని."

కన్సల్టెన్సీ ఆయన ఫోటోను చూశాడు, నన్ను చూశాడు, మా ఆయన్ను చూశాడు. లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

మా ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. అంటే నాకు మేనమామ. మా వైపు ఇది ఎవరికీ వింత కాదు. మా అమ్మమ్మే నాకు అత్త. మా పెళ్లిలో మా అమ్మ పొద్దున పిల్ల తల్లిగా ఒక చీర, మధ్యాహ్నం పిలగాని అక్కగా ఇంకో చీర కట్టుకుని తిరిగింది. నేను ఆయన్ను పుట్టినప్పటి నుంచి మామ అనే పిలిచాను, పెళ్లయ్యాక కూడా మామ అనే పిలుస్తున్నాను. మనిషి మంచివాడు. ఇది ముందే చెప్పేస్తే నయం, లేకపోతే ఇదంతా ఆయన మీద ఫిర్యాదు అనుకుంటారు. తాండూరులో బండల పాలిష్ మిషన్ మీద పనిచేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వెంట్రుకల నుంచి కాలివేళ్ల దాకా తెల్లటి దుమ్ము. బిడ్డ పరుగెత్తుకొస్తుంటే, "ఆగు, ఆగు, నీళ్లు పోసుకోనియ్యి" అని రెండు చేతులూ పైకెత్తి వెనక్కి నడుస్తాడు. నేను వికారాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సును. రోజూ తాండూరు నుంచి రైల్లో పోయి రావడం.

మరి ఇంత మంచి మొగుణ్ణి పెట్టుకుని పరదేశం ఎందుకంటే, నా బిడ్డ కోసం. చదువుల కోసం కాదు, మంచి ఇంటి కోసం కాదు. అవన్నీ అడిగినవాళ్లకు చెప్పిన మాటలు.

నా బిడ్డ పుట్టినప్పుడు నా తమ్ముడికి పన్నెండేళ్లు. ఆస్పత్రిలో మా అమ్మ పసిగుడ్డును బట్టలో చుట్టి తెచ్చి వాడి ముందు పెట్టి, "ఇగోరా, నీ పెండ్లాం వచ్చింది, చూస్కో" అంది. అందరూ నవ్వారు. వాడు సిగ్గుపడి బయటకు పారిపోయాడు. కుట్లు నొప్పెడుతున్నా నేనూ నవ్వాను. ఆ తర్వాత ప్రతి శుభకార్యంలో, ప్రతి దావత్‌లో అదే మాట. నాకు నవ్వు తగ్గుతూ వచ్చింది. "ఊకె నవ్వులాటకే గదనే, గంత కోపమెందుకు?" అంటుంది మా అమ్మ. నా చిన్నప్పుడు కూడా నవ్వులాటకే అన్నారు. మామ వస్తే చాలు, "నీ మొగుడు వచ్చిండే, మంచినీళ్లియ్యి" అనేవాళ్లు. నేను ఇచ్చేదాన్ని. ఇరవయ్యో ఏట పెళ్లికార్డు అచ్చయి ఇంటికొచ్చింది. ఆ నవ్వులాట ఏ రోజున ఆగి నిజం మాట అయిందో ఎంత వెతుక్కున్నా నాకు దొరకదు.

అందుకే నా బిడ్డకు చెవులు కుట్టించకుండా వాయిదా వేస్తూ వచ్చాను. చెవులు కుట్టాలంటే మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి, ఫోటో దిగాలి, ఆ ఫోటో జీవితాంతం గోడ మీద ఉంటుంది. ఒకసారి జ్వరమన్నాను, ఒకసారి నాకు నైట్ డ్యూటీలన్నాను, తర్వాత వీసా వచ్చాక చేద్దామన్నాను. ఇక్కడే ఉండి ఒద్దని గట్టిగా చెప్పొచ్చు కదా అని ఎవరైనా అనొచ్చు. మా అమ్మను ఎరిగినవాళ్లు ఆ మాట అనరు. ఆమె కొట్లాడదు. ఏడవదు. వచ్చిన ప్రతిసారీ అదే మాట నవ్వుతూ అని పోతుంది. ఇరవై ఏళ్లు రోజూ వింటే ఎంత గట్టి మనిషైనా మెత్తబడుతుంది. మాటలు వినపడనంత దూరం పోవడం ఒక్కటే దారి అనుకున్నాను.

మా ఆస్పత్రిలో నాతో పనిచేసిన ఒక నర్సు బ్రిటన్ వెళ్లింది, ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లో పనికి. మొగుణ్ణి, కొడుకునూ తీసుకుపోయింది. ఆమెను అడిగి అన్నీ తెలుసుకున్నాను. ఇంగ్లిష్ పరీక్ష మొదటిసారి పోయింది, రెండోసారి పాసయ్యాను. రైల్లో వేరుశనక్కాయలమ్మేవాళ్ల కేకల మధ్య చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ దొరల ఉచ్చారణ విన్నాను. ఆస్పత్రి మెట్ల మీద నిలబడి వీడియోలో ఇంటర్వ్యూ ఇచ్చాను. తీసుకుంటామన్నారు. ఆ సాయంత్రం మా ఆయనకు చెబితే నమ్మలేదు. "నేనక్కడ ఏం పని జేస్త?" అన్నాడు. బండలు అక్కడా ఉంటాయిలే అన్నాను.

పదిహేను రోజులు తిరగకుండానే కన్సల్టెన్సీ ఆయన ఫోన్ చేశాడు. ఈ పనికి వచ్చేవాళ్లు ఇకమీదట పెళ్లాం పిల్లల్ని, మొగుణ్ణి వెంట తెచ్చుకోకూడదని అక్కడి సర్కారు ప్రకటించిందట. ఇంకా కొన్ని నెలల గడువుందట. ఆ లోపల ముగ్గురి కాగితాలూ పెడితే ముగ్గురమూ పోవచ్చు. "జల్ది చేయాలె మేడం, ఒక్క రోజు గూడ వేస్ట్ కావొద్దు" అన్నాడు. వీసాల కోసం దొంగ పెళ్లిళ్లు చేసుకునేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి మాది నిజం సంసారమేనని చూపించాలని, ఇద్దరికీ పరిచయం ఎప్పటి నుంచో, పెళ్లి ఎలా కుదిరిందో ఒక ఉత్తరం రాసి, పాత ఫోటోలు పెట్టమని చెప్పాడు. నాకు డ్యూటీలు ఎడతెరిపి లేకుండా పడుతున్నాయి. ఆ ఒక్క పని మా ఆయనకు అప్పగించాను. అదే నేను చేసిన తప్పు.

ఆయన మనసుపెట్టి చేశాడు. మా సొంతూరు దోమకు పోయి అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి ఆ ఫోటో తీసుకొచ్చాడు. రెండు పేజీల ఉత్తరం తెలుగులో రాసి, ఒక స్కూలు సార్‌తో ఇంగ్లిష్‌లోకి మార్పించాడు. ఇంత నిజమైన సంసారం దేశంలో ఇంకోటి ఉండదని నిరూపించాలని ఆయన పట్టుదల. అందులో ఏం రాశాడంటే, "ఈమె పుట్టిన రోజే నేను చూసినాను. ఈమె నా సొంత అక్క బిడ్డ. నడక నేర్చే దాకా నా భుజం దిగలేదు. చెవులు కుట్టినప్పుడు నా ఒళ్లోనే ఏడ్చింది. మా పెళ్లి దొంగ పెళ్లి ఎలా అవుతుంది?"

తలుపు వేసి వచ్చిన కన్సల్టెన్సీ ఆయన ఆ ఉత్తరం కూడా చదివి నెత్తి పట్టుకున్నాడు.

"అన్నా, అక్కడ మేనమామ అంటె తండ్రి లెక్క. గిది చదివితె వీసా సంగతి పక్కకు పెట్టు, నిన్ను పట్టుకపోతరు. గీ ఫోటో తీసెయ్యి. పెద్దలు కుదిర్చిన సంబంధమని రెండు ముక్కలు రాసియ్యి, అయిపోతది."

"మేనమామను గాదని రాయాల్నా?"

"గాదని రాయకు. ఊకుండు."

"రేపు పొయినంక ఎవడన్న అడిగితె? అప్పుడు దొంగ మాట అయితది గద?"

మా ఆయన కోపం తెచ్చుకునే మనిషి కాదు. మొండికేస్తే మాత్రం ఆయన పాలిష్ చేసే బండలే నయం. దాచిపెట్టడానికి మనమేమన్నా తప్పు చేశామా అని ఒకటే మాట. నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడే అరిచాను. "నిజం నిజమని మురుస్తున్నవ్, గడువు నీ కోసం ఆగుతదా మామ?" అన్నాను. ఆఖరికి కన్సల్టెన్సీ ఆయన హైదరాబాదులో తనకంటే పెద్దవాళ్లను అడిగి, ఒక మధ్య మార్గం కనిపెట్టాడు. మా కులంలో అక్క బిడ్డను చేసుకునే ఆచారం తరతరాలుగా ఉందని కులపెద్ద చేత స్టాంప్ పేపర్ మీద రాయించి, నోటరీ చేయిస్తే ఉత్తరంలో నిజమే రాయొచ్చట.

ఆ కులపెద్ద గొర్ల మందతో తిరుగుతున్నాడు. దోమకు పోతే, మేత కోసం మోమిన్‌పేట్ దిక్కు పోయాడన్నారు. ఆయనకు ఫోన్ ఉంది కానీ చార్జింగ్ ఉండదు. మా ఆయన పని మానుకుని బైకు మీద రెండు రోజులు చేన్లల్లో తిరిగి, ఏ పొలంలో మంద ఆగిందో కనుక్కుని, ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని వికారాబాద్ తెచ్చాడు. గొంగడి భుజాన వేసుకుని వచ్చిన ఆ పెద్దమనిషి నోటరీ బల్ల ముందు సంగతంతా విని మండిపడ్డాడు.

"మేనమామకియ్యక ఇంకెవరికిస్తరు? గిది గూడ కాయితం మీద రాయాల్నా? వాళ్లకు మేనమామలు లేరా ఏంది?"

వేలిముద్ర వేయడానికి అరగంట బతిమాలాల్సి వచ్చింది. వేశాక కూడా, వేలికంటిన సిరాను గొంగడికి తుడుచుకుంటూ, ఆ దేశం బాగుపడదని తేల్చి చెప్పాడు. మందను వదిలి వచ్చినందుకు ఒకటే ఫికర్, చాయ్ కూడా తాగకుండా బస్సెక్కాడు.

ఆ కాగితం ఇంగ్లిష్‌లోకి మారి, నోటరీ అయి, ఫైలులో చేరి, అంతా సరిగ్గా ఉందని కన్సల్టెన్సీ ఆయన అనేసరికి గడువు దాటి నాలుగు రోజులైంది. నాలుగు రోజులు. ఏడాది కాళ్లరిగేలా తిరిగిన దాంట్లో నాలుగు రోజులు. ఆయన ఏదో ఓదార్పు మాట చెబుతున్నాడు. నాకు వినబుద్ధి కాలేదు. బల్ల మీది ఫైలు తీసుకుని కిందికి దిగి స్టేషన్‌కు నడిచాను.

తాండూరులో దిగితే మా ఆయన ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నాడు. స్నానం చేయకుండానే వచ్చాడు, రెప్పల మీద కూడా దుమ్ము. అక్కడే బెంచీ మీద కూర్చున్నాం. నా కడుపులో ఉన్నదంతా అప్పుడు కక్కేశాను. ఎందుకు పోవాలనుకున్నానో, బిడ్డకు చెవులు ఎందుకు కుట్టించలేదో, తమ్ముడి మాట ఎత్తితే నాకు ఎలా ఉంటుందో అన్నీ. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనతో అంత సేపు మాట్లాడింది అదే మొదటిసారి.

ఆయన చేతుల మీది దుమ్ము రాలగొట్టుకున్నాడు.

"అంటె, నీకు నాతోని పెండ్లి ఇష్టం లేకుండెనా?"

"నీ మీద కోపం గాదు మామ. నన్నెవరడిగిన్రు చెప్పు?"

"నన్ను గూడ ఎవ్వరడగలె" అన్నాడు. "తొమ్మిదేండ్లుండె నాకు. చాప మీద కూసోమన్నరు, కూసున్న."

అంతవరకు ఆ ఫోటోలో ఏడుస్తున్న పిల్లనే చూశాను నేను. ఇంటికొచ్చి ఫైలులోంచి తీసి మళ్లీ చూశాను. ఆ పిల్లవాడు కూడా నవ్వడం లేదు. పసిపిల్ల ఎక్కడ జారిపోతుందోనని రెండు చేతులతో బిగించి పట్టుకుని, కెమెరాను బెదురుగా చూస్తున్నాడు. నాకు ఆయన మీద జాలేసింది. వెంటనే ఆ నాలుగు రోజులు గుర్తొచ్చి మళ్లీ కోపమూ వచ్చింది.

తర్వాత నన్ను ఒక్కదాన్నే పొమ్మన్నారు. కన్సల్టెన్సీ ఆయన, ఆస్పత్రిలో తోటివాళ్లు, ఆఖరికి మా ఆయన కూడా. "నువ్వు ముందు పో. రూల్స్ మారుతయ్, మళ్ల మారుతయ్. అప్పుడు మేమొస్తం" అన్నాడు. బిడ్డను ఎవరు చూస్తారంటే ఒకటే జవాబు, మా అమ్మ. ఏ ఇంటి మాటలకు దూరంగా తీసుకుపోవాలనుకున్నానో ఆ ఇంట్లోనే బిడ్డను వదిలి నేను దూరం పోవాలన్నమాట. ఇంత తలకిందుల పని ఎక్కడన్నా ఉంటుందా? అయినా ఒప్పుకున్నాను. ఏడాదో రెండేళ్లో ఓర్చుకుంటే రూల్స్ మారతాయనుకున్నాను. మొదట తీసుకుంటామన్న కేర్ హోమ్ వాళ్లు ఉత్తరాలకు జవాబివ్వడం మానేశారు. ఇంకోచోట మళ్లీ ఇంటర్వ్యూ ఇచ్చాను. వాళ్లు ఇదిగో అదిగో అంటూ నెలలు గడిపారు. ఈ లోపల ఇంగ్లిష్ పరీక్ష కాలం తీరిపోవచ్చింది, మెడికల్ టెస్టులు మళ్లీ చేయించాను.

రూల్స్ మారాయి. ఒకరోజు పొద్దున రైల్లో, ధారూర్ దాటాక ఫోన్‌లో చదివాను. ఇక ఆ పనికి బయటి దేశాల నుంచి కొత్తవాళ్లను అసలు తీసుకోరట. ఒక్కదాన్ని కూడా పోలేను. పక్క సీట్లో ఆమె కొత్తిమీర కట్టలు సర్దుకుంటోంది. ఆమెకు చెప్పబోయి, కిందపడిన కట్ట ఒకటి ఎత్తి ఇచ్చాను. వాళ్ల దేశం వాళ్లిష్టం. ఎవరిని రానివ్వాలో వాళ్లే అనుకోవాలి. ఈ న్యాయం నాకు తెలుసు. తెలిసినా కోపం పోలేదు. ఆ రోజు డ్యూటీలో ముగ్గురికి నరం దొరక్క సూది రెండుసార్లు గుచ్చాను.

సాయంత్రం కన్సల్టెన్సీ ఆయన ఉత్సాహంగా ఫోన్ చేశాడు. "జర్మనీ చూద్దమా మేడం? భాష ఒక్కటి నేర్చుకోవాలె, గంతే." ఫోన్ పెట్టేశాను.

ఆ మరుసటి వారమే మా అమ్మ దోమ నుంచి కబురు పెట్టింది. వీసా లేదు గిసా లేదు, పిల్లకు అయిదేండ్లు దాటాయి, ఇక చెవులు కుట్టాల్సిందేనని ఆదివారం ముహూర్తం పెట్టించింది. ఔసలాయనకు చెప్పింది, చుట్టాలకు చెప్పింది. నాకు చెప్పడం చివర. ఇంకే సాకూ మిగల్లేదు నా దగ్గర.

వాకిట్లో చాప పరిచారు. ఎండుకొబ్బరి కుడుకలు, చక్కెర, పసుపు, కొత్త గౌను అన్నీ తాంబాళంలో ఉన్నాయి. పదిహేడేళ్ల నా తమ్ముడు కొత్త చొక్కా వేసుకుని చాప మీద కూర్చున్నాడు. ఇంటర్ చదువుతున్నాడు, మీసం వస్తోంది. ఎవరి ముఖమూ చూడకుండా చాప ఈనెలు పీకుతున్నాడు. అరడజను ఫోన్లు వాడివైపు తిరిగి ఉన్నాయి.

"తేవే పిల్లను, మేనమామ ఒళ్లె కూసోవెట్టు" అంది మా అమ్మ. ఎవరో వెనక నుంచి ఆ పాత హాస్యం ఆడారు. నవ్వులు మొదలయ్యాయి.

నేను బిడ్డను ఎత్తుకుని అక్కడే నిలబడిపోయాను. రెండేళ్లుగా పరదేశాల ఆఫీసర్లకు ఇంగ్లిష్‌లో జవాబులు చెప్పడం నేర్చుకున్నదాన్ని. మా వాకిట్లో మా అమ్మకు తెలుగులో ఒక్క మాట చెప్పలేకపోయాను.

మా ఆయన జనంలోంచి వచ్చాడు. నా ముందు గొంతుకూర్చుని బిడ్డ చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరి ఒళ్లె కూసుంటవ్ బిడ్డా?"

"గదేం అడుగుడురా తమ్మీ?" అంది మా అమ్మ.

"ఆగక్కా. దాన్ని చెప్పనియ్యి."

నవ్వులు ఆగాయి. నా బిడ్డ అందరినీ ఒకసారి చూసింది. చాప మీది మేనమామను, నన్ను, వాళ్ల నాన్నను, ఔసలాయన చేతిలో తీగను. "ఎవ్వల ఒళ్లె ఒద్దు. నేనే కూసుంట" అంది. దిగి పోయి, గోడవార ఉన్న పీట తెచ్చుకుని చాప మధ్యలో వేసుకుని కూర్చుంది. నా తమ్ముడు చటుక్కున లేచి చోటిచ్చాడు. వాడి ముఖంలో అంత నిశ్చింత నేనెప్పుడూ చూడలేదు.

మొదటి చెవి కుట్టగానే ఊరంతా వినపడేలా ఏడ్చింది. ఔసలాయన రెండో వైపు జరిగేసరికి పీట మీద నుంచి లేచి నిలబడింది.

"ఇంకోటి కుట్టియ్యాల్నా బిడ్డా?" అని మళ్లీ అడిగాడు మా ఆయన.

"ఒద్దు!"

మళ్లీ అడగకుండా ఉంటే ఏం పోయేదో ఆయనకు. కానీ అడిగాడు. అడిగాక విన్నాడు. ఔసలాయన తీగ సర్దుకుని చెంబెడు మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. మా అమ్మ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

వీసా ఫైలు ఇప్పటికీ బీరువాలో, చీరల కింద ఉంది. కులపెద్ద వేలిముద్ర కాగితం, పాసైన పరీక్ష, తీరిపోయిన మెడికల్ టెస్టులు, అన్నీ అందులోనే. తెరిస్తే కోపం వస్తుంది కాబట్టి తెరవను. చెవులు కుట్టిన రోజు ఫోటోను మాత్రం మా ఆయన తాండూరులో పెద్దది చేయించి గోడకు పెట్టాడు. చాప మధ్యలో పీట, పీట మీద నా బిడ్డ ఒక్కతే, ఒక చెవికి తీగ, ముఖమంతా కన్నీళ్లు.

మా అమ్మ వచ్చినప్పుడల్లా ఆ ఫోటో ముందు నిలబడి, "రెండో చెవి ఎప్పుడు కుట్టిస్తరే?" అంటుంది.

"నన్నెందుకు అడుగుతవమ్మా? దాన్నే అడుగు" అంటాను.

మొన్న మొదటిసారి అడిగింది. బిడ్డ ఆలోచించి, ఇప్పుడే వద్దంది. మా అమ్మ సరేనని చాయ్ అడిగింది.